రక్తం అందని చోట

పురుషుడి అంగం ఒకే రోజులో ఎన్నోసార్లు పరిమాణం మార్చుకుంటుంది. చన్నీళ్లు పోసుకుంటే అంగం ముడుచుకుంటుంది. భయం వేసినా, బాగా అలసిపోయినా అంతే. వెచ్చగా, నిశ్చింతగా ఉన్నప్పుడు సాగుతుంది. చర్మం కింద పరుచుకున్న డార్టోస్ అనే పల్చటి కండరమూ, లోపలి కణజాలంలోని కండరమూ మన ఇష్టాయిష్టాలతో పనిలేకుండా, నరాలు చెప్పినట్టు బిగుసుకుంటూ వదులవుతూ ఉంటాయి. అందువల్ల మెత్తగా ఉన్నప్పటి పొడవు చూసి ‘చిన్నదైపోయింది’ అని తేల్చడానికి వీల్లేదు. కానీ ఎక్కువమంది మగవాళ్లు స్నానాలగదిలో చూసుకుని బెంగపడేది ఆ పొడవు గురించే.

వైద్యులు కొలిచే పద్ధతి వేరు. మెత్తగా ఉన్న అంగాన్ని నొప్పి పుట్టనంత మేరకు పూర్తిగా సాగదీస్తారు. పొత్తికడుపు కింద చేతికి తగిలే ఎముక దాకా స్కేలును అదిమి, మధ్యలో ఉన్న కొవ్వు లెక్కలోకి రాకుండా చూసి, అక్కడినుంచి కొసదాకా కొలుస్తారు. ఇలా వచ్చిన అంకె స్తంభించినప్పటి పొడవుకు దగ్గరగా ఉంటుంది. లండన్‌లోని కింగ్స్ కాలేజీకి చెందిన డేవిడ్ వీల్ బృందం 2015లో ఒక మంచి పని చేసింది. మగవాళ్లు తమకు తాము చెప్పుకున్న కొలతలన్నీ పక్కనపెట్టి, వైద్యసిబ్బంది కొలిచిన లెక్కలను మాత్రమే పోగుచేసింది. మొత్తం 15,521 మంది. సగటు పొడవు మెత్తగా ఉన్నప్పుడు 9.16 సెంటీమీటర్లు, సాగదీసినప్పుడు 13.24, స్తంభించినప్పుడు 13.12. అమెరికాలో హంటర్ వెస్సెల్స్ బృందం అంతకుముందే, 1996లో, సాగదీసిన పొడవు 7.5 సెంటీమీటర్ల కంటే తక్కువగా ఉన్నవాళ్ల విషయంలోనే పొడవు పెంచే చికిత్స గురించి ఆలోచించాలని సూచించింది. తమది చిన్నదని మథనపడేవాళ్లలో అత్యధికులు ఈ గీతకు చాలా పైనే ఉంటారు.

ఈ భయానికి ఎంత బలముందో 1967లో సింగపూర్ చూసింది. ఆ ఏడాది పందులకు వచ్చే జ్వరాన్ని అరికట్టడానికి వాటికి టీకాలు వేశారు. టీకా వేసిన పంది మాంసం తింటే అంగం కడుపులోకి ముడుచుకుపోయి మనిషి చచ్చిపోతాడని పుకారు పుట్టింది. అక్టోబరు చివరినుంచి ఆసుపత్రుల ముందు మగవాళ్లు బారులు తీరారు. లోపలికి పోకుండా చేత్తో పట్టుకుని వచ్చినవాళ్లున్నారు, దారం కట్టుకుని వచ్చినవాళ్లున్నారు. నాలుగు వందల మందికి పైగా వైద్యుల రికార్డులకెక్కారు. ఈ భయాన్ని ఆ ప్రాంతంలో ‘కోరో’ అంటారు. వైద్యులు పత్రికల్లో, టీవీలో నిజం చెప్పాక కొద్ది వారాల్లోనే ఉప్పెన తగ్గింది. 1982లో ఇదే భయం మన దేశంలో అస్సాం దిగువ జిల్లాల్లో, ఉత్తర బెంగాల్లో ఊళ్లకు ఊళ్లను పట్టుకుంది. ఆ రోగుల కణజాలానికి ఏమీ కాలేదు. భయం నరాలను బిగించింది, నరాలు కండరాన్ని బిగించాయి, బిగిసిన అంగాన్ని చూసి భయం ఇంకా పెరిగింది. అంతే జరిగింది. కానీ వాళ్లు పడిన వేదన మాత్రం నిజమైనదే.

తెలుగునాట అలాంటి ఉప్పెన రాలేదు కానీ, అదే భయం వేరే రూపంలో మన మధ్య ఎప్పటినుంచో ఉంది. బస్టాండు గోడల మీద, రైలు పట్టాల పక్క ప్రహరీల మీద, చౌకబారు పత్రికల చివరి పేజీల్లో ‘నరాల బలహీనత’, ‘హస్తప్రయోగం వల్ల అంగం చిన్నదవటం’ అన్న మాటలు చదువుతూ మన పిల్లలు పెరిగారు. హస్తప్రయోగం వల్ల అంగం కుంచించుకుపోదు. స్తంభన ఎలా కలిగినా దానివల్ల కణజాలానికి అందేది రక్తమే. ఈ ఒక్క మాట పదహారేళ్ల కుర్రాడికి సమయానికి ఎవరైనా చెబితే ఎన్ని రాత్రుల నిద్ర మిగులుతుందో! విజయవాడ డాక్టరు జి. సమరం దశాబ్దాలపాటు ‘స్వాతి’ వారపత్రికలో పాఠకుల ప్రశ్నలకు ఓపిగ్గా జవాబులు చెప్పడం వెనకున్న ఆరాటం ఇదే.

అయితే, భయం అబద్ధమైనంత మాత్రాన జబ్బు కూడా అబద్ధమనుకోకూడదు. అంగంలోని కణజాలం నిజంగానే కుంచించుకుపోయే సందర్భాలున్నాయి. అవి కొలతకు అందుతాయి, సూక్ష్మదర్శిని కింద కనబడతాయి. ‘అదంతా నీ భ్రమ’ అని వెనక్కి పంపించేసిన మనిషికి ఒక్కోసారి నిజంగా జబ్బుంటుంది. ఈ అధ్యాయం ముఖ్యంగా అలాంటివాళ్ల కోసం.

లోపలి నిర్మాణం తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. అంగంలో పక్కపక్కన రెండు పొడవాటి గొట్టాలుంటాయి. వాటి కింద మూత్రనాళాన్ని చుట్టుకుని మూడోది ఉంటుంది. పై రెండు గొట్టాలే స్తంభనకు ఆధారం. వాటి లోపలంతా చిన్నచిన్న రక్తపు గదులు, ఆ గదుల గోడల్లో మృదుకండరం. గొట్టాల చుట్టూ ట్యూనికా ఆల్బుజీనియా అనే గట్టి తొడుగు. సైకిలు చక్రంలో ట్యూబు, టైరు ఎలా పనిచేస్తాయో ఇవీ అలాగే పనిచేస్తాయి. ట్యూబు ఎంత ఉబ్బినా టైరు ఒక హద్దు దగ్గర ఆపుతుంది కాబట్టే చక్రానికి బిగువు వస్తుంది. ఇక్కడ గాలికి బదులు రక్తం. కోరిక కలిగినప్పుడు నరాల కొసలూ, రక్తనాళాల లోపలి పొరా నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తాయి. దాంతో మృదుకండరం వదులై గదుల్లోకి రక్తం దూకుతుంది. ఉబ్బిన గదులు, తొడుగుకీ తమకీ మధ్య ఉన్న సన్నని సిరలను నొక్కేస్తాయి. లోపలికి వచ్చిన రక్తం బయటికి పోయే దారి మూసుకుపోతుంది. నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాల్లో సంకేతంగా పనిచేస్తుందని కనిపెట్టినందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడాది మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సిల్డెనాఫిల్‌ను అనుమతించింది. గుండెనొప్పికి మందు వెతుకుతూ ఫైజర్ సంస్థ పరీక్షించిన రసాయనం అది.

ఇక్కడో విచిత్రముంది. మెత్తగా ఉన్నప్పుడు ఈ గదుల్లోకి వచ్చే రక్తం బహు తక్కువ, అందులో ఆక్సిజన్ కూడా తక్కువే. ఆ సమయంలో అక్కడి ఆక్సిజన్ పీడనం 25 నుంచి 40 పాదరస మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. స్తంభించినప్పుడు అది 90, 100 దాకా, అంటే ధమనుల్లోని రక్తంతో సమానమయ్యేదాకా పెరుగుతుంది. శరీరంలో చాలా అవయవాలకు తాజా రక్తం రోజంతా అందుతూనే ఉంటుంది. దీనికి మాత్రం స్తంభించినప్పుడే కడుపునిండా భోజనం. ఆక్సిజన్ చాలినంత ఉన్నప్పుడు ఈ కణజాలం ప్రోస్టాగ్లాండిన్ ఇ1 వంటి రక్షక పదార్థాలను తయారుచేసుకుంటుంది. చాలనప్పుడు టీజీఎఫ్-బీటా1 అనే పదార్థం పెరిగి, మృదుకండరం ఉండాల్సిన చోట కొల్లాజెన్ పీచు పేరుకుంటుంది. కండరం సాగుతుంది, పీచు సాగదు. సాగని కణజాలం ఉబ్బదు, ఉబ్బనిది సిరలను నొక్కలేదు, రక్తం నిలవదు, ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది. ఈ వలయంలో పడ్డ అంగమే కొన్ని నెలల్లో పొడవూ లావూ కోల్పోతుంది.

మరి నెలల తరబడి దాంపత్యం లేకుండా గడిపేవాళ్ల సంగతేమిటి? గల్ఫ్ నుంచి రెండేళ్లకోసారి ఇంటికొచ్చే మన కరీంనగర్, జగిత్యాల కార్మికులున్నారు. సన్యాసులున్నారు, భార్య పోయినవాళ్లున్నారు. వాళ్ల కణజాలమంతా పీచుగా మారిపోదు. ఎందుకంటే ఆరోగ్యవంతుడైన మగవాడికి నిద్రలో, ముఖ్యంగా కలలు వచ్చే దశలో, రాత్రికి మూడు నుంచి ఐదుసార్లు తనంతట తానే స్తంభన కలుగుతుంది. దానికి కోరికతో సంబంధం లేదు. పసిపిల్లల్లోనూ ఉంటుంది, వృద్ధుల్లోనూ ఉంటుంది. తెల్లవారి లేచేసరికి కనిపించేది ఆ వరుసలో చివరిది మాత్రమే. కణజాలానికి ఆక్సిజన్ అందించడానికే ప్రకృతి ఈ ఏర్పాటు చేసిందని చాలామంది పరిశోధకులు భావిస్తున్నారు. కాబట్టి వైద్యుడు ‘పొద్దున లేచేసరికి గట్టిపడుతోందా?’ అని అడిగితే సిగ్గుపడకూడదు. రక్తనాళాలూ నరాలూ ఎలా ఉన్నాయో ఆ ఒక్క జవాబు చాలావరకు చెప్పేస్తుంది. నెలల తరబడి పొద్దుటి స్తంభన పూర్తిగా ఆగిపోయిందంటే, దాన్ని వయసు మీదికి నెట్టేసి ఊరుకోకూడదు.

రాత్రి స్తంభనలు ఒక్కసారిగా ఆగిపోవడానికి స్పష్టమైన ఉదాహరణ ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్. ప్రోస్టేట్ గ్రంథిని పూర్తిగా తీసేసేటప్పుడు, దాని పక్కనుంచే పోయే స్తంభన నరాలు ఒకప్పుడు తెలియకుండానే తెగిపోయేవి. అవి ఎక్కడున్నాయో కూడా అప్పటి శస్త్రవైద్యులకు సరిగ్గా తెలియదు. 1981లో అమెరికా జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు పాట్రిక్ వాల్ష్ నెదర్లాండ్స్‌లోని లైడెన్ వెళ్లి, అప్పటికి పదవీ విరమణ చేసిన ఆచార్యుడు పీటర్ డాంకర్‌ను కలిశాడు. ఇద్దరూ కలిసి మృతశిశువు దేహంలో ఆ నరాల దారిని వెతికి పట్టుకున్నారు. మరుసటి ఏడాది వాల్ష్ ఆ నరాలను కాపాడుతూ ఆపరేషన్ చేశాడు. నా దృష్టిలో మగవాళ్ల ఆరోగ్య చరిత్రలో ఇంత మేలు చేసిన పరిశోధనలు కొద్దే.

కానీ నరాలు తెగకపోయినా, ఆపరేషన్‌లో పక్కకు లాగినందువల్ల అవి మొద్దుబారతాయి. కోలుకోవడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టవచ్చు. ఆ కాలమంతా రాత్రి స్తంభనలు లేవు, ఆక్సిజన్ లేదు. అందుకే ఆపరేషన్ తర్వాత చాలామందిలో అంగం పొడవు తగ్గుతుంది. సగటున చూస్తే అది ఒక సెంటీమీటరు అటూఇటూ. ఆ తగ్గుదల ఎక్కువగా మొదటి నెలల్లోనే జరుగుతుంది. నరాలు కోలుకున్నవాళ్లలో కొంత తిరిగి రావచ్చు. క్యాన్సర్ నయమైందన్న సంతోషంలో ఉన్న మనిషి ఈ మాట డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడతాడు. ‘ప్రాణం దక్కింది చాలదా’ అని ఇంట్లోవాళ్లే అనవచ్చు. ప్రాణం దక్కించుకున్నవాడికి తన శరీరం గురించి బాధపడే హక్కు పోదు.

ఈ కాలంలో కణజాలాన్ని కాపాడటానికి ఏం చేయవచ్చు? ఇటలీలో ఫ్రాన్చెస్కో మొంతోర్సీ బృందం 1997లో ఒక దారి చూపింది. ఆపరేషన్ అయిన కొద్ది వారాలకే ఆల్‌ప్రోస్టాడిల్ ఇంజక్షన్‌తో కృత్రిమంగా స్తంభన కలిగిస్తూ వస్తే, సొంత స్తంభన తిరిగి వచ్చేవాళ్ల సంఖ్య పెరిగింది. దాంతో ‘అంగ పునరావాసం’ అన్న ఆలోచన ప్రపంచమంతా పాకింది. తర్వాత వచ్చిన పెద్ద పరీక్షలు ఉత్సాహాన్ని కొంత తగ్గించాయి. రోజూ రాత్రి వార్డెనాఫిల్ మాత్ర వేసుకున్నవాళ్లు, మాత్ర ఆపేశాక మిగతావాళ్లకంటే మెరుగ్గా లేరని 2008లో తేలింది. 2014లో వెలువడిన టడలాఫిల్ పరీక్షలోనూ మాత్ర మానేశాక స్తంభనలో తేడా నిలవలేదు. కానీ రోజూ తక్కువ మోతాదులో వేసుకున్నవాళ్లలో పొడవు తగ్గడం మాత్రం ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే సగటున 4 మిల్లీమీటర్లు తక్కువగా ఉంది. మాత్ర నరాన్ని నయం చేయదు, నరం కోలుకునేలోపు కణజాలాన్ని కొంత కాపాడుతుంది. ఈ రెంటికీ తేడా రోగికి ముందే చెప్పాలి. చెప్పకపోతే ‘ఇంత ఖర్చుపెట్టినా రాలేదు’ అన్న నిరాశే మిగులుతుంది.

ప్రోస్టేట్ క్యాన్సర్‌కే ఇచ్చే హార్మోన్ చికిత్స సంగతి ఇంకా గట్టిది. క్యాన్సర్ కణాలకు మేత అయిన టెస్టోస్టిరాన్‌ను దాదాపు సున్నాకు దింపుతారు. ఈ కణజాలానికీ అదే ఆధారం కాబట్టి అంగమూ వృషణాలూ స్పష్టంగా చిన్నవవుతాయి. ప్రాణాన్ని నిలిపే మందు అది, మానకూడదు. కానీ ఇలా జరుగుతుందని ముందుగా తెలిసిన మనిషి దాన్ని తట్టుకునే తీరు వేరు.

వంకరతో మొదలయ్యే మరో జబ్బుంది. పదిహేనో లూయీ రాజు దగ్గర శస్త్రవైద్యుడిగా ఉన్న ఫ్రాన్స్వా జీగో ద లా పెరోనీ 1743లో దాన్ని వర్ణించాడు. ఆయన పేరుతోనే పెరోనీ వ్యాధి అంటారు. మన టైరులో, అంటే తొడుగులో, ఒకచోట మచ్చ కడుతుంది. చేత్తో తడిమితే గట్టి బిళ్లలా తగులుతుంది. అంగం స్తంభించినప్పుడు మిగతా తొడుగంతా సాగుతుంది, మచ్చ సాగదు. అందుకే అటువైపు వంగుతుంది, పొడవూ తగ్గుతుంది. కలయికలో తగిలే చిన్నచిన్న దెబ్బలు మానేటప్పుడు కొందరిలో పీచు మితిమీరి పేరుకోవడమే దీనికి మూలమని ఎక్కువమంది వైద్యుల అభిప్రాయం. అరచేతిలో నరాలు కట్టినట్టు గట్టిపడి వేళ్లు ముడుచుకుపోయే డుపుయిట్రెన్ జబ్బు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మొదటి దశలో నొప్పి ఉంటుంది, వంకర మారుతూ ఉంటుంది. ఏడాది, ఏడాదిన్నర దాకా ఇది సాగవచ్చు. తర్వాత నొప్పి తగ్గి వంకర స్థిరపడుతుంది. నొప్పి తగ్గింది కదా అని జబ్బు నయమైందనుకోవడం ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు.

పెరోనీ తన రోగులను బరేజ్ అనే ఊళ్లోని వేడినీటి బుగ్గలకు పంపేవాడు. మన కాలంలో విటమిన్-ఇ బిళ్లలు ఆ పాత్ర పోషించాయి. ఎన్నో ఏళ్లు రాసిచ్చారు, ఇంకా రాసిచ్చేవాళ్లున్నారు. దానివల్ల ఉపయోగం లేదని అమెరికా యూరాలజిస్టుల సంఘం తన మార్గదర్శకాల్లో స్పష్టంగానే చెప్పింది. కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైము ఇంజక్షన్ మాత్రం కొంత పనిచేస్తుంది. క్లాస్ట్రీడియం జాతి బ్యాక్టీరియానుంచి తీసే ఈ మందుకు అమెరికాలో 2013 డిసెంబరులో అనుమతి వచ్చింది. పరీక్షల్లో దాంతో వంకర సగటున 34 శాతం తగ్గింది. ఉత్తుత్తి ఇంజక్షన్‌తోనే 18 శాతం తగ్గిందని కూడా గుర్తుంచుకోవాలి. స్థిరపడిన పెద్ద వంకరకు శస్త్రచికిత్స ఉంది. మచ్చకు ఎదురువైపు తొడుగును కుట్టి సరిచేస్తే అంగం నిటారవుతుంది కానీ పొడవు మరికాస్త తగ్గుతుంది. మచ్చను కోసి అతుకు వేస్తే పొడవు నిలుస్తుంది కానీ స్తంభన బలహీనపడే ప్రమాదం పెరుగుతుంది. ఏది కావాలో రోగీ వైద్యుడూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయమిది.

తెలుగువాళ్లలో అందరికంటే ఎక్కువమందిని చేరే కారణం మాత్రం సుగరు జబ్బే. భారత వైద్య పరిశోధనా మండలి 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. అదుపులో లేని సుగరు రక్తనాళాల లోపలి పొరనూ, నరాలనూ, మృదుకండరాన్నీ మూడువైపులనుంచి దెబ్బతీస్తుంది. దానికి పొగాకు తోడైతే, బీపీ తోడైతే, నష్టం ఇంకా వేగంగా సాగుతుంది. ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. అంగంలోని ధమని వ్యాసం ఒకటి, రెండు మిల్లీమీటర్లు. గుండెకు రక్తమిచ్చే ధమనులది మూడు, నాలుగు. కొవ్వు పేరుకుంటే ముందు మూసుకునేది సన్నదే. స్తంభన తగ్గిన రెండు నుంచి ఐదేళ్లకు గుండెజబ్బు బయటపడటం వైద్యులు ఎంతోమందిలో చూశారు. నలభై ఐదేళ్ల మనిషి స్తంభన సమస్యతో వస్తే అతనికి మాత్ర రాసిచ్చి పంపేయడం చాలదు. బీపీ, సుగరు, కొలెస్టరాల్ చూడాలి, అవసరమైతే గుండెనూ పరీక్షించాలి. సుగరు ఎక్కువగా ఉన్నవాళ్లలో ముందుతోలు పదేపదే పుండుపడి, పగిలి, బిగుసుకుపోవడం కూడా సాధారణం. వెనక్కి రాని తోలు కింద అంగం చిన్నదైనట్టు కనిపిస్తుంది. దానికి చికిత్స సుగరు అదుపూ, అవసరమైతే సున్తీ.

చిన్నదైనట్టు కనిపించడానికి అన్నిటికంటే మామూలు కారణం బొజ్జ. అంగం మొదలు చుట్టూ కొవ్వు పేరుకుంటే ఆ మేరకు అది లోపల కూరుకుపోతుంది. కణజాలం తగ్గలేదు, బయటికి కనిపించే భాగం తగ్గింది. బరువు తగ్గితే చాలామందిలో ఇది తిరిగి బయటపడుతుంది. పొడవు పెరగడానికి మందు అడిగేవాళ్లలో ఎందరికో కావలసింది ఉదయపు నడక.

అన్ని కారణాల్లోనూ గంటల్లో నష్టం చేసేది ఒకటుంది. కోరిక లేకుండా, నొప్పితో, నాలుగు గంటలకు మించి స్తంభన దిగకపోవడం. ఈసారి గదుల్లో ఉన్నది తాజా రక్తం కాదు, కదలక నిలిచిపోయి నల్లబడిన రక్తం. ఆక్సిజన్ అయిపోతుంది, కండరం చచ్చిపోతుంది. ఒక రోజు దాటితే నష్టం తీవ్రం, రెండు రోజులు దాటితే దాదాపుగా శాశ్వతం. తర్వాత అంగమంతా పీచుకట్టి కుంచించుకుపోతుంది. స్తంభన కోసం ఎవరో చెప్పిన ఇంజక్షన్ ఎక్కువ మోతాదులో చేసుకున్నవాళ్లలోనూ, కొన్ని మానసిక చికిత్స మందులు వాడేవాళ్లలోనూ ఇది రావచ్చు. అందరికంటే ఎక్కువ ప్రమాదం సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లకు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో, అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో ఈ జబ్బున్న కుటుంబాలు తక్కువేమీ లేవు. కొడవలి ఆకారంలోకి మారిన రక్తకణాలు ఆ సన్నని దారుల్లో ఇరుక్కుంటాయి. పన్నెండు, పదిహేనేళ్ల కుర్రాడికి అర్ధరాత్రి ఇలా జరిగితే అతను ఎవరికి చెప్పుకోగలడు? తల్లికి చెప్పలేడు, హాస్టల్ వార్డెన్‌కు చెప్పలేడు. తెల్లారేదాకా పళ్లబిగువున ఓర్చుకుంటాడు. సికిల్ సెల్ నిర్మూలనకు 2023 జూలైలో జాతీయ కార్యక్రమం మొదలైంది. జబ్బు నిర్ధారణ అయిన ప్రతి మగపిల్లవాడికీ, అతని తల్లిదండ్రులకూ, ఆశా కార్యకర్తకూ, ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయుడికీ ఈ నాలుగు గంటల సంగతి విడమరిచి చెప్పాలి. సూదితో నిలిచిన రక్తాన్ని తీసి, ఫినైలెఫ్రిన్ మందు ఎక్కిస్తే చాలామంది బయటపడతారు. వేళకు చేరడమే అన్నిటికన్నా ముఖ్యం.

ఇక కుంచించుకున్న కణజాలాన్ని తిరిగి సాగదీయడం గురించి. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఆగస్టాలో గెడ్డింగ్స్ ఆస్బన్ అనే టైర్ల వ్యాపారి, తన స్తంభన సమస్యకు తానే దారి వెతుక్కుని, 1960లలో గాలి తీసే పంపు ఒకటి తయారుచేసుకున్నాడు. గొట్టంలోంచి గాలి తీస్తే రక్తం లోపలికి లాగబడుతుంది. 1982లో దాన్ని అమ్మడానికి అమెరికా ప్రభుత్వం అనుమతించింది. ఇప్పుడు యూరాలజిస్టులు ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత దాన్ని వ్యాయామంగా వాడమంటారు. కలయిక కోసం అంగం మొదలు దగ్గర బిగించే రింగును అరగంట మించి ఉంచకూడదు. నెమ్మదిగా సాగదీసే పరికరాలు మరో రకం. పాతవాటిని రోజుకు చాలా గంటలు ధరించాల్సి వచ్చేది కాబట్టి సగంలోనే మానేసేవారు. మేయో క్లినిక్‌లో రూపొందిన కొత్త పరికరాన్ని రోజుకు అరగంట నుంచి గంటన్నర, మూడు నెలలు వాడిన పెరోనీ రోగుల్లో పొడవు సగటున 1.5 సెంటీమీటర్లు పెరిగింది. ఈ లాభం జబ్బుతో తగ్గినవాళ్లకు వచ్చింది. మామూలుగా ఉన్నవాళ్లు ఇంకా పెరగాలని వాడితే అదే ఫలితం వస్తుందనుకోకూడదు.

ఏ చికిత్సకూ లొంగని స్తంభన సమస్యకు లోపల అమర్చే పరికరం ఉంది. గాలి ఊదినట్టు ద్రవంతో నిండే రకాన్ని అమెరికా వైద్యుడు బ్రాంట్లీ స్కాట్ 1973లో ప్రపంచానికి చూపాడు. మన దేశంలో ముంబై ఆండ్రాలజిస్టు రూపిన్ షా, చేత్తో వంచుకోగల కడ్డీ రకాన్ని మనవాళ్లు కొనగలిగే ధరలో రూపొందించారు. ఇది గట్టితనాన్ని ఇస్తుంది కానీ పోయిన పొడవును తిరిగివ్వదు. ఆపరేషన్‌కు ముందే సాగదీసి కొలిచి, ‘ఇంతే ఉంటుంది’ అని వైద్యుడు రోగికి చూపాలి.

చేయకూడనివి కూడా చెప్పాలి. అంగాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువును కోసి పొడవు పెంచుతామనే ఆపరేషన్‌లో, మచ్చ తిరిగి అతుక్కుని ఉన్న పొడవే తగ్గినవాళ్లున్నారు. లావు కోసం నూనె, పారఫిన్, సిలికోన్ ఎక్కించుకోవడం ఇంకా ఘోరం. గడ్డలు కట్టి, చర్మం కుళ్లి, చివరికి దాన్ని తొలగించి వేరేచోటి చర్మం అతకాల్సి వస్తుంది. పైపూత తైలాలు తొడుగు లోపలి కణజాలాన్ని పెంచలేవు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు సిల్డెనాఫిల్, టడలాఫిల్ వేసుకుంటే బీపీ ప్రాణాపాయంగా పడిపోతుంది. మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కునేవాళ్లకు ఈ మాట చెప్పేవాళ్లు ఉండరు. ఏ మందైనా అంగం పరిమాణాన్ని, ఆకారాన్ని మెరుగుపరుస్తుందని చెప్పుకోవడాన్ని మన దేశపు ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్-జె నిషేధించింది. లైంగిక సామర్థ్యం పెంచుతామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నేరమంది. గోడలు మాత్రం ఇంకా ఆ రాతలతో నిండే ఉన్నాయి. స్థానిక అధికారులు తలుచుకుంటే వాటిని తుడిపించడం కష్టమేమీ కాదు.

ఈ అధ్యాయం చదివిన వారికి నా విన్నపం ఒక్కటే. పొడవు తగ్గిందని, వంకర వచ్చిందని, బిళ్ల తగిలిందని, పొద్దుటి స్తంభన ఆగిపోయిందని అనిపిస్తే గోడమీది నంబరుకు కాకుండా యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. ఆయన దగ్గర సంకోచం లేకుండా, ఎప్పుడు మొదలైంది, ఏ మందులు వాడుతున్నారు, సుగరు ఎంత, పొగ తాగుతారా అన్నవి చెప్పండి. ప్రోస్టేట్ ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవాళ్లు ముందురోజే తమ కొలత తీయించి కేస్ షీట్‌లో రాయించుకోండి. పునరావాసం ఎప్పుడు మొదలుపెడతారో కూడా అప్పుడే అడగండి.